ఎత్తు పెంచిన పికప్, దాని బాగోగులు

మా ఇసుజు వి-క్రాస్‌ను చూసినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని అంగుళాలు లేపించారు?" అన్నదే. రామమూర్తినగర్‌లో మా అపార్ట్‌మెంటు కుర్రాళ్లు మొదలుకొని హిందూపురం దగ్గర పెట్రోలు బంకులో గాలి పట్టే మనిషి వరకు అందరి నోటా అదే మాట. స్ప్రింగులు, షాక్‌లు మార్చి బండిని ఎత్తు చేసే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ విషయంలో ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయని నా గట్టి నమ్మకం. బండి మీద మామూలుగా ఎంత బరువు ఉంటుంది, ఆ బరువుతో అది ఎలాంటి దారిన నడుస్తుంది అన్న రెండు సంగతులు తేలితే, ఎత్తు ఎంత ఉండాలన్నది దానంతట అదే తేలుతుంది. ఎత్తుతో మొదలుపెట్టి చేయించిన బండి చూడడానికి బాగానే ఉంటుంది కానీ, దానితో రోజూ వేగడం కష్టం. బెంగళూరు రోడ్ల మీద, మడకశిర వైపు ఉన్న మా వక్కతోట బాట మీద ఈ పికప్‌ను కొన్నేళ్లుగా నడుపుతున్న అనుభవంతో, కిట్ బిగించిన తరువాత బండిలో ఏమేమి మారతాయో, వేటిని కనిపెట్టుకొని ఉండాలో వివరంగా రాస్తున్నాను.

వి-క్రాస్ మన శ్రీసిటీలో తయారయ్యే బండి. అక్కడి కర్మాగారం మొదలైన 2016లోనే ఇది మార్కెట్లోకి వచ్చింది. కంపెనీ లెక్క ప్రకారం దీని గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ నడుమ ఖాళీ, 225 మిల్లీమీటర్లు. అదేమీ తక్కువ కాదు. నగరంలో తిరగడానికి, దొడ్డబళ్లాపురం, గౌరీబిదనూరుల మీదుగా ఊరికి వెళ్లిరావడానికి అంతకు మించిన ఎత్తు అక్కరలేదు. చిక్కంతా తారురోడ్డు దిగి తోటకు వెళ్లే చివరి బాటలోనే ఉంది. వానలు పడ్డప్పుడు ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఆ ఎర్రమట్టిలో చక్రాల జాడలు లోతుగా పడిపోతాయి. వాటి నడుమ మట్టి దిమ్మగా లేచి, ఎండలు ముదిరేసరికి గట్టిపడి కూర్చుంటుంది. ట్రాక్టరు కడుపు ఎత్తు కనుక దానికి ఏ ఇబ్బందీ లేదు. డ్రిప్ పైపుల చుట్టలు, వేపపిండి బస్తాలు వేసుకొని వెనక భాగం దిగిన పికప్‌కు మాత్రం ఆ దిమ్మ అడుగున బరబరా గీసుకుంటుంది. నేను కిట్ గురించి ఆలోచించడానికి కారణం ఆ బాట, ఆ బస్తాలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. సస్పెన్షన్ లిఫ్ట్ వలన పెరిగేది ఛాసిస్ (అడుగున ఉండే ఉక్కు చట్రం) ఎత్తు, దాని మీది బాడీ ఎత్తు మాత్రమే. ఇంజిను బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, వెనక ఇరుసు నడుమ గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ చక్రాలతో పాటే ఉంటుంది కనుక, స్ప్రింగులు ఎంత పెంచినా అది నేల నుండి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి లేవదు. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే, అదీ టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగం. కనుక కిట్ వేయించాక కూడా నేను ఆ బాటలో చక్రాలను జాడల్లోకి దించను. ఎడమ చక్రాలను నడిమి దిమ్మ మీద, కుడి చక్రాలను పక్కనున్న గట్టు అంచు మీద పెట్టి నిదానంగా పోనిస్తాను. కిట్ వలన కలిగిన అసలు మేలు మరొక చోట ఉంది. వంక దిగేటప్పుడు ముందు బంపరు, ఎక్కేటప్పుడు వెనక బంపరు, మిట్ట దాటేటప్పుడు నడుమ భాగం తగలకుండా పోతున్నాయి. 3095 మిల్లీమీటర్ల పొడవైన వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడిమి దూరం) ఉన్న బండికి, ముందు చక్రాలు మిట్ట దాటి వెనక చక్రాలు ఇంకా ఇవతలే ఉన్నప్పుడు నడుము తగలడం అన్నది తప్పని గండం. ఆ గండం గట్టెక్కడానికి నాకు నలభై మిల్లీమీటర్లు చాలాయి.

ముందు చక్రాల వద్ద ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తరువాత వచ్చే తంటాలన్నీ అక్కడి నుండే మొదలవుతాయి. వి-క్రాస్‌కు ముందు రెండు చక్రాలూ విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ అమరిక ఉంటుంది. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, నడుమ కాయిల్ స్ప్రింగు, దాని లోపల షాక్ అబ్జార్బరు. ఆ షాక్ కింది చేతికి దాదాపు సగం దూరంలో బిగించి ఉంటుంది కనుక, స్ప్రింగు పైన 25 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే చక్రం వద్ద దాదాపు 50 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. అందుకే కొన్ని వేల రూపాయలతో బిళ్లలు వేసి ఎత్తు పెంచేవారు జె.సి. రోడ్డు పరిసరాల్లో బోలెడు మంది దొరుకుతారు. స్ప్రింగులు, షాక్‌లు, వెనక కట్టలు అన్నీ కలిసిన పూర్తి కిట్ అయితే బిగింపుతో కలిపి లక్ష రూపాయలు సులువుగా దాటిపోతుంది.

బిళ్లల వలన వచ్చే నష్టం బండి నిలబడి ఉన్నప్పుడు కనిపించదు. చక్రం పైకి కదలడానికి ఎంత చోటు కావాలో, గుంతలో పడినప్పుడు కిందికి దిగడానికీ అంతే చోటు కావాలి. పాత షాక్‌ను మార్చకుండా స్ప్రింగు పైన బిళ్ల పెడితే, చేతులు ముందే కిందికి వాలిపోయి ఆ దిగే చోటు తరిగిపోతుంది. మా పక్క వీధిలో ఒక మిత్రుడి బండికి అలాగే చేయించారు. స్పీడ్ బ్రేకరు దిగుతున్న ప్రతిసారీ ముందు భాగంలో "ఠక్" మని ఒక పొడి చప్పుడు వస్తుంది. చక్రం కిందికి పూర్తిగా వేలాడి, షాక్ తన చివరి హద్దును కొట్టుకొనే చప్పుడది. సీటు కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు పాదాలకు తెలుస్తుంది. ఆ దెబ్బ ఏళ్ల తరబడి పడుతూ ఉంటే షాక్ లోపలి భాగాలు, పై చేతి బాల్ జాయింటు త్వరగా అరుగుతాయి. మంచి కిట్లలో ఇచ్చే షాక్ పొడవే వేరు. పెంచిన ఎత్తుకు తగినట్టు అది ఎక్కువ సాగుతుంది. అందుకని బిళ్లల పద్ధతిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

నాలుగు చక్రాలకూ బలం అందే బండిలో ముందు యాక్సిల్ షాఫ్టుల సంగతి కూడా ఉంది. ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉండి, చక్రం మాత్రం దానికన్నా కిందికి పోయినందువలన, షాఫ్టు చివర వంగుతూనే తిరిగే సీవీ జాయింట్లు ఎప్పుడూ ఎక్కువ వాలుతో తిరుగుతూ ఉంటాయి. వాటిని కప్పి ఉంచే రబ్బరు తొడుగు మడతలు ఒకదానికొకటి ఒరుసుకొని, ముందుగా అక్కడే పగులుతుంది. గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి చేరితే జాయింటు నెలల్లో పాడవుతుంది. 50 మిల్లీమీటర్లు దాటిన లిఫ్టులలో ముందు డిఫరెన్షియల్‌ను కొంచెం కిందికి దించే బిళ్లలు కూడా వేస్తారు. నేను 40 దగ్గరే ఆగడానికి ఇది ఒక పెద్ద కారణం. చక్రం లోపలి వైపు రిమ్ము మీద గ్రీజు చినుకులు కనబడుతున్నాయేమో చూడడం ఇప్పుడు నాకు గాలి పట్టించినంత మామూలు పని అయిపోయింది.

ఇక వెనక భాగం. అక్కడ ఉన్నవి లారీలకు ఉన్నట్టే, ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాన్ కట్టలు. వాటిని ఎత్తు చేయడానికి మూడు నాలుగు దారులున్నాయి: ఇరుసుకూ కట్టకూ నడుమ దిమ్మె పెట్టడం, కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను పొడవైనది వేయడం, ఉన్న కట్టకు ఒక పట్టీ అదనంగా చేర్చడం, మొత్తం కట్టనే మార్చడం. దిమ్మె పెడితే ఎత్తు వస్తుంది కానీ, గట్టిగా బ్రేకు వేసినప్పుడు, మొదటి గేరులో ఒక్కసారిగా బలం ఇచ్చినప్పుడు ఇరుసు మెలితిరిగి కట్ట ఎస్ ఆకారంలో వంగే గుణం ఎక్కువవుతుంది. నేను మొత్తం కట్టనే మార్పించాను. అయితే ఏ కట్ట తీసుకోవాలన్న చోటనే బరువు లెక్క అవసరమైంది.

ఈ కిట్లలో పేరున్నవి చాలావరకు ఆస్ట్రేలియా నుండి వస్తాయి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ వంటివి అక్కడివే. ఆ దేశంలో పికప్‌కు ముందు బరువైన ఉక్కు బుల్ బార్ (బంపరు ముందు ఉండే రక్షణ చట్రం), వించి (చిక్కుకున్న బండిని తీగతో లాగే యంత్రం) బిగించుకోవడం మామూలు కనుక, వారి జాబితాలో ముందు స్ప్రింగులను బార్ లేని బండికి, బార్ ఉన్న బండికి, బార్‌తో పాటు వించి కూడా ఉన్న బండికి అని విడివిడిగా ఇస్తారు. మన దేశంలో 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని రాష్ట్రాలకు స్పష్టం చేసింది. అవి బిగించుకోని మన బండికి, వాటిని మోయడానికి చేసిన గట్టి స్ప్రింగు వేస్తే ముందు భాగం అనుకున్నదాని కంటే ఎక్కువ లేచి, ప్రతి గుంతకూ ఎగిరిపడుతుంది. ఎక్కువ ఎత్తు వస్తుందని చెప్పి ఆ గట్టి స్ప్రింగునే అంటగట్టే దుకాణాలు ఉన్నాయి కనుక, కొనేవారు ఈ తేడా తెలుసుకొని అడగాలి.

వెనక కట్టలను వారు ఎప్పుడూ ఉండే బరువును బట్టి విభజిస్తారు. అప్పుడప్పుడు వేసే బరువును లెక్కలోకి తీసుకోరు. ఆ సంఖ్య నాకు కావలసి వచ్చి, గౌరీబిదనూరు దాటాక రోడ్డు పక్కన ఉన్న వేబ్రిడ్జి మీద బండిని తూకం వేయించాను. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి ఒక తూకం, బండి మొత్తం ఎక్కించి మరొక తూకం. ఒకదాని నుండి ఒకటి తీసివేస్తే వెనక ఇరుసు మీది బరువు తెలుస్తుంది. ఖాళీగా ఒకసారి, తోట సామానుతో ఒకసారి ఇలా చూస్తే, నా బండి ఎక్కువ రోజులు దాదాపు ఖాళీగా తిరుగుతోందని, బస్తాలతో తిరిగేది తక్కువేనని కాగితం మీద తేలిపోయింది. గట్టి కట్ట తీసుకుందామన్న ఆలోచన అక్కడే విరమించుకొని, తేలికపాటి బరువుకు ఉద్దేశించిన కట్టనే ఎంచుకున్నాను. దాని అడుగున ఉండే రెండవ అంచె పట్టీలు బరువు పడ్డప్పుడు మాత్రమే ఆనుకుంటాయి కనుక, బస్తాల రోజున కూడా వెనక భాగం మరీ కూలబడదు. ఒక్క మాట తప్పక గుర్తుంచుకోవాలి. గట్టి కట్ట వేసినంత మాత్రాన బండి మోయదగిన బరువు పెరగదు. ఇరుసు, బేరింగులు, బ్రేకులు, టైర్లు పాతవే కనుక రిజిస్ట్రేషన్ పత్రంలోని మొత్తం బరువే ఎప్పటికీ హద్దు.

బిగించే రోజున నేను వర్క్‌షాపులోనే ఉన్నాను. మా మెకానిక్ కోలారు మనిషి. తెలుగు, కన్నడం రెండూ కలిపి మాట్లాడతాడు. అతను చేసిన ఒక పని అందరు మెకానిక్‌లూ చేయరు. కింది చేతుల బోల్టులు, కమాన్ కట్టల కంటి (చివరి వలయం) బోల్టులు బండి జాకీ మీద ఉండగా చేతి బిగువుకే వదిలేసి, చక్రాలు నేలను తాకి బండి బరువంతా వాటి మీద పడిన తరువాతనే టార్క్ రెంచితో పూర్తిగా బిగించాడు. "పైకి లేపినప్పుడే బిగిస్తే బుష్ మెలికపడి ఉంటుంది సార్, బండి దించగానే రబ్బరు చిరుగుతుంది" అన్నాడు. ఆ బుష్‌లలోని రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కొని ఉంటుంది. అది తిరగదు, మెలిపడుతుంది. నిలబడిన ఎత్తులో మెలిక లేకుండా ఉంటేనే అది రెండు వైపులా సమంగా కదిలి ఎక్కువ కాలం మన్నుతుంది. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టులు కూడా అతను పాతవి మళ్లీ వాడలేదు. ఒకసారి సాగదీసి బిగించిన యు-బోల్టుకు మళ్లీ అదే పట్టు రాదు.

ఎత్తు కొలిచే పద్ధతి కూడా అక్కడే నేర్చుకున్నాను. నేల నుండి కొలిస్తే టైరులోని గాలిని బట్టి లెక్క మారిపోతుంది. చక్రం నడిమి భాగం నుండి, దాని పైన బాడీ వంపు అంచు వరకు టేపుతో కొలిస్తే ఆ గొడవ ఉండదు. బిగించక ముందు నాలుగు కొలతలు, బిగించాక నాలుగు కొలతలు కాగితం మీద రాసుకొని డాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. కొత్త స్ప్రింగులు మొదటి నెలల్లో కొంత దిగడం సహజం. ఆ కాగితం ఉంటేనే ఎంత దిగిందో, రెండు వైపులా సమంగా దిగిందో లేదో తెలుస్తుంది. ఒక వైపు మాత్రమే దిగుతూ ఉంటే కట్టలో పట్టీ విరిగిందని కానీ, సెంటర్ బోల్టు తెగిందని కానీ అనుమానించాలి.

కిట్ వేసిన బండిని వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా హైవే ఎక్కించరాదు. ఎత్తు పెరిగినప్పుడు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం), క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (స్టీరింగు తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) మూడూ మారతాయి. మొదటి రెండూ తప్పితే టైరు అంచులు అరిగి చెబుతాయి. క్యాస్టర్ తగ్గిన సంగతి మాత్రం చేతులకే తెలుస్తుంది. మలుపు తిప్పాక స్టీరింగు దానంతట అది తిరిగి నడిమికి రావడం మందగిస్తుంది, వేగం పెరిగే కొద్దీ బండి అటూ ఇటూ జరుగుతూ మాటిమాటికీ సరిదిద్దవలసి వస్తుంది. అనంతపురం వైపు జాతీయ రహదారి 44 మీద ఎదురుగాలి కన్నా పక్కగాలి ఎక్కువగా ఉన్న సాయంత్రాలలో ఇది బాగా అలసట తెప్పించే లోపం. కింది చేతుల వద్ద కోణం సర్దడానికి ఉండే క్యామ్ బోల్టులతో నా బండికి క్యాస్టర్ కంపెనీ చెప్పిన హద్దులలోకి వచ్చింది. ఇంకా ఎక్కువ ఎత్తు పెంచినవారికి ఆ సర్దుబాటు చాలదు. పై చేతులను కూడా మార్చవలసి వస్తుంది, ఖర్చు మరికొంత పెరుగుతుంది. బెంగళూరులో చాలా అలైన్‌మెంట్ కేంద్రాలు టో మాత్రమే సరిచేసి పంపిస్తాయి కనుక, మూడు కోణాల అంకెలూ ముద్రించిన కాగితం చేతికి వచ్చే వరకు అక్కడి నుండి కదలకపోవడం మంచిది.

వెనకకు బలం తీసుకుపోయే ప్రొపెల్లర్ షాఫ్టు ఈ పొడవైన పికప్‌లలో రెండు ముక్కలుగా ఉండి, నడుమ ఒక బేరింగు మీద వేలాడుతుంది. వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ దూరం పెరిగితే ఆ ముక్కల నడిమి కోణాలు మారి, ఆగిన బండి కదిలేటప్పుడు అడుగున ఒక వణుకు పుడుతుంది. బెంగళూరులో ఎప్పుడూ రద్దీగా ఉండే టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర సాయంత్రం పూట ఆగుతూ కదులుతూ పోయేటప్పుడు అది స్పష్టంగా తెలిసింది. నడిమి బేరింగు కింద కొన్ని మిల్లీమీటర్ల బిళ్ల పెట్టి దాన్ని కొంచెం దించగానే ఆ వణుకు పోయింది.

నగరంలో బండి నడక ఎలా ఉందన్నది వేరే సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి నిబంధన ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాన్ని హాయిగా దాటవచ్చు. మా వీధుల్లో ఉన్నవి అందులో పావు వెడల్పు కూడా లేకుండా, నిటారుగా లేచి ఉంటాయి. వాటి మీద కొత్త షాక్‌లు కంపెనీవాటి కన్నా బాగా పనిచేస్తున్నాయి. ఖాళీ పికప్‌లకు సహజమైన వెనక ఎగురుడు సగానికి సగం తగ్గిందని వెనక సీటులో కూర్చునే మా పిల్లలే చెప్పారు. నా దృష్టిలో ఈ కిట్ వలన రోజువారీ జీవితంలో కలిగిన అతి పెద్ద సుఖం ఎత్తు వలన రాలేదు, బరువుకు సరిపోయే షాక్ వలన వచ్చింది.

మలుపుల వద్ద మాత్రం జాగ్రత్త పెంచుకోవాలి. బండి పక్కకు ఒరిగి పడిపోయే గుణాన్ని అంచనా వేయడానికి అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒక సులువైన నిష్పత్తిని వాడుతుంది: ఎడమ కుడి చక్రాల నడిమి దూరాన్ని, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించడం. ఉదాహరణకు ఆ దూరం 1570 మిల్లీమీటర్లు, గురుత్వ కేంద్రం 700 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే నిష్పత్తి 1.12 వస్తుంది, ఆ కేంద్రం 40 పెరిగితే 1.06కు పడిపోతుంది. అంటే ఐదు శాతం పైచిలుకు తగ్గుదల. చిన్న అంకెలా కనిపించినా, ఫ్లైఓవరు దిగి సర్వీసు రోడ్డులోకి ఒక్కసారిగా తిప్పేటప్పుడు ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. బస్తాలు వేసేటప్పుడు బరువైనవి అడుగున, క్యాబిన్ వైపు ఉండేలా చూసుకోవడం ఇప్పుడు మరింత ముఖ్యం.

ఇంట్లో వాళ్ల సౌకర్యం కూడా ఇందులో భాగమే. కిట్ వేసిన తరువాత అమ్మ మొదటిసారి ఊరి నుండి వచ్చినప్పుడు, తలుపు తీసి లోపలి నేలను చూసి, "బండి ఎత్తు చేసినావు సరే, నా మోకాళ్ల సంగతి చూసినావా నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనది. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కవలసిన బండికి, కిట్‌తో పాటే తలుపు కింద వెడల్పైన పక్క మెట్టు, లోపల పట్టుకోవడానికి పిడి ఉండాలి. గొట్టంలా ఉండే సన్నటి మెట్టు మీద వానలో చెప్పు జారుతుంది; గరుకు పలక ఉన్న మెట్టు మేలు. ఇక పార్కింగు. వి-క్రాస్ ఎత్తు దాదాపు 1.85 మీటర్లు; లిఫ్టుతో 1.9కి చేరుతుంది. రూఫ్ క్యారియర్ కూడా ఉంటే పాత అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కాంక్రీటు దూలాలకు, వేలాడే నీటి గొట్టాలకు తగిలే ప్రమాదం ఉంది. మా సెల్లారు దారిలో అతి తక్కువ ఎత్తున్న చోటును కొలిచి చూసుకున్న తరువాతనే నేను కిట్‌కు అడ్వాన్సు ఇచ్చాను.

పిల్లలు ఆడుకొనే చోట ఎత్తైన బానెట్ ఎంత ప్రమాదమో చాలామంది ఆలోచించరు. డ్రైవరు కన్ను, బానెట్ అంచు రెండూ కలిసి పైకి లేచినా, ఆ అంచు మీదుగా పోయే చూపు నేలను తాకే చోటు మరికొంత ముందుకు జరుగుతుంది. లెక్క వేస్తే 40 మిల్లీమీటర్లకు అది దాదాపు జానెడు. అంతకు ముందే పికప్ బానెట్ ముందు చిన్న పిల్లలు కనిపించని చోటు మీటరు పైన ఉంటుంది. దానికి ఇంకో జానెడు చేర్చడం తేలికగా తీసుకోదగింది కాదు. అపార్ట్‌మెంటు ఆవరణలో బండి తీసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి చూడడం నేను ఎన్నడూ మానను, ముందు భాగానికి కూడా ఒక కెమెరా పెట్టించాను.

హెడ్‌లైట్ల విషయం ఎదుటివారి కళ్లకు సంబంధించినది. కొందరు వెనక భాగాన్ని అలాగే ఉంచి, ముందు భాగాన్ని మాత్రం లేపి సమం చేయిస్తారు. వెనక కన్నా ముందు 20 మిల్లీమీటర్లు ఎక్కువ లేచిందనుకుంటే, ఈ వీల్‌బేస్ మీద లైటు వెలుగు 50 మీటర్ల దూరంలో దాదాపు 32 సెంటీమీటర్లు పైకి పోతుంది. డిప్‌లో ఉన్నా ఎదుటి కారు డ్రైవరు ముఖం మీద పడుతుంది. లిఫ్ట్ చేసిన రోజునే చదునైన చోట గోడకు ఎదురుగా బండి నిలిపి లైట్లు దించుకోవడం కనీస మర్యాద. అలా చేయకుండా హోసూరు రోడ్డు మీద రాత్రి తిరిగే బండ్లు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

నీళ్ల గురించి మరింత గట్టిగా చెప్పాలి. 2022 సెప్టెంబరు వానల్లో ఔటర్ రింగ్ రోడ్డు, సర్జాపుర రోడ్డు మునిగినప్పుడు, ఎత్తైన బండి ఉంటే చాలు దాటేయవచ్చు అన్న మాట చాలా వినిపించింది. 2023 మే నెలలో కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన వాననీటిలో కారు చిక్కుకొని, ఈ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగమ్మాయి ఒకరు ప్రాణాలు కోల్పోయింది. అండర్‌పాస్‌లో నీటి లోతు బయటికి తెలియదు, నిమిషాల్లో పెరుగుతుంది. నలభై యాభై మిల్లీమీటర్ల లిఫ్ట్ దానికి ఏ రక్షణా ఇవ్వదు. ఇంజిను గాలి పీల్చే మూతి ఆ మేరకే పైకి లేస్తుంది, వెనక డిఫరెన్షియల్ అసలే లేవదు. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకొని, గాలి ఆడడానికి ఉండే బ్రీదర్ గొట్టం నుండో సీల్ అంచు నుండో నీటిని లోపలికి లాగుతుంది. గేర్ ఆయిల్ తెల్లగా పాల రంగుకు తిరిగితే అదే కారణం. తోట దగ్గరి వంకలో మోకాలి లోతు దాటితే నేను బండి ఆపేసి, నీళ్లు తగ్గేవరకు గట్టునే ఉంటాను.

టైర్ల విషయం ఎక్కువ చెప్పనక్కరలేదు. కంపెనీ సైజు 255/60 ఆర్18 బదులు 265/60 ఆర్18 వేస్తే వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది, డిఫరెన్షియల్ ఆరు మిల్లీమీటర్లు లేస్తుంది, స్పీడోమీటరు ఒకటిన్నర శాతం తక్కువ చూపుతుంది. నేను పాత సైజులోనే ఉండిపోయాను.

కిట్ వేసిన బండికి సర్వీసు పనులు కొన్ని అదనంగా చేరతాయి. మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపల యు-బోల్టులు మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్త పట్టీల మీది రంగు నలిగి, పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్న కొద్దీ బిగువు సడలుతుంది. గ్రీజు నిపుల్ ఉన్న షాకిల్ పిన్నులకు ఎర్రమట్టి దారిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ గ్రీజు గన్‌తో పాత గ్రీజు బురదతో సహా బయటికి వచ్చేవరకు కొట్టాలి. కట్టల కంటి బుష్‌లు పాలీయురిథేన్‌వి అయితే వాటికి సిలికాన్ గ్రీజు వాడాలి. అది లేకపోతే ప్రతి స్పీడ్ బ్రేకరుకూ కీచుమంటాయి. మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే ముందు స్టెబిలైజర్ బార్ లింకులు ఎత్తు వలన వాలిపోయి ఉంటాయి కనుక వాటి చివరలు త్వరగా వదులవుతాయి. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుంటున్నాయేమో రెండు వైపులా చక్రాన్ని వేలాడదీసి, స్టీరింగును రెండు చివరలకూ తిప్పి చూడాలి. కంపెనీ సర్వీసు కేంద్రంలో ఇవేవీ వారి జాబితాలో ఉండవు; అడిగి చేయించుకోవాలి, లేదా మనమే చేసుకోవాలి.

చివరగా చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో కేరళకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ప్రతి మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు ఏర్పడింది. కనుక కిట్ అమ్మేవారి నోటిమాటను నమ్మకుండా, ముందుగా ఆర్‌టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజున క్లెయిముకు అడ్డు పడుతుంది. నేను బిల్లు, ఫొటోలు జతచేసి పాలసీలో ఆ మార్పును నమోదు చేయించాను. కంపెనీ స్ప్రింగులు, షాక్‌లు, పాత కట్టలు తుప్పు పట్టకుండా నూనె పూసి, ఏది ఏ వైపుదో రంగుతో గుర్తు పెట్టి, తోటలోని మోటారు గదిలో గోనెసంచులలో భద్రం చేశాను. బండి అమ్మవలసి వచ్చినా, అధికారులు అసలు రూపానికి మార్చమన్నా, పగలంతా పనిచేస్తే అవన్నీ మళ్లీ బిగించవచ్చు. యు-బోల్టులు మాత్రం అప్పుడు కూడా కొత్తవే కొనాలి.